పోస్యందుకు పాపను తీసుకెళ్లవచ్చా? ఇండోనేషియాలో ఉంటున్నవారు చెప్పగలరు

బెకాసి కొత్తకాపురం:
నమస్కారం. మావారి ఉద్యోగం వల్ల నాలుగు నెలల క్రితం జకార్తా పక్కనున్న బెకాసికి వచ్చాం. పాపకు పద్నాలుగు నెలలు. నిన్న మా వీధి పెద్ద భార్య (ఇక్కడ ‘బు ఎర్తే’ అంటారు) ఇంటికి వచ్చి, పన్నెండో తేదీన పోస్యందు (పిల్లల తూకం, టీకాల శిబిరం) ఉందని, పాపను తప్పక తీసుకురమ్మని చెప్పి వెళ్లారు. ఎక్కడ అని అడిగితే తమ ఇంటి వసారాలోనే అన్నారు. అక్కడ డాక్టరు ఉండరట. పాప టీకాలు మేము ప్రైవేటు ఆసుపత్రిలో వేయిస్తున్నాం. పేదల కోసం పెట్టినదాన్ని విదేశీయులమైన మేము వాడుకోవడం తప్పేమో అనిపిస్తోంది. వెళ్లకపోతే ఆవిడ నొచ్చుకుంటారేమో అని కూడా ఉంది. ఇది మన అంగన్‌వాడీ లాంటిదేనా?

సిదోఅర్జో అక్క:
తప్పకుండా తీసుకెళ్లండమ్మా. నేను సురబయ పక్కన సిదోఅర్జోలో పదకొండేళ్లుగా ఉంటున్నాను. నా పిల్లలిద్దరూ పోస్యందు తూకంలో ఊగినవాళ్లే. నాలుగేళ్లుగా మా వీధిలో మూడో బల్ల దగ్గర కూర్చుని రాసేది నేనే.

ఇది పేదలకు మాత్రమే పెట్టినది కాదు. ఐదేళ్లలోపు పిల్లలు, గర్భిణులు ఉన్న ప్రతి ఇంటికీ వర్తిస్తుంది. 1980లలో మొదలై ఇప్పుడు దేశమంతటా దాదాపు మూడు లక్షల చోట్ల నడుస్తోంది. పుస్కెస్మస్ అనే ప్రభుత్వ ఆరోగ్య కేంద్రం నుంచి బిదాన్, అంటే ప్రసూతి విద్య చదివిన ఉద్యోగిని, టీకాల పెట్టె పట్టుకుని నెలకోసారి వస్తుంది. మిగతా పనంతా ‘కాదెర్’ అని పిలిచే వీధి ఆడవాళ్లదే. అంగన్‌వాడీ రోజూ తెరిచి ఉంటుంది, ఇది నెలకు ఒక్క పూట. తేడా అక్కడే ఉంది.

వరుసగా ఐదు బల్లలు వేస్తారు. పేరు రాయించి, తూకం వేయించి మూడో బల్లకు వస్తారు. నాలుగో దగ్గర సలహా చెబుతారు, ఐదో దగ్గర బిదాన్ ఉంటుంది. వీటన్నిటికీ ప్రాణం మూడో బల్ల అని నా నమ్మకం. తల్లీబిడ్డల ఆరోగ్యానికి గులాబీరంగు పుస్తకం ఒకటి ఇస్తారు. అందులోని ఎదుగుదల పటం మీద ఈ నెల బరువుకు చుక్క పెట్టి, కిందటి నెల చుక్కతో కలుపుతాం. బరువు తగినంత పెరిగితే ‘ఎన్’, పెరగకపోతే ‘తే’ అని రాస్తాం. ‘తే’ పడిన బిడ్డను పుస్కెస్మస్‌కు పంపుతాం. ఆ పుస్తకం ఆఫీసు బీరువాలో ఉండదు, తల్లి దగ్గరే ఉంటుంది. మా వీధిలో మూడో తరగతితో చదువు ఆపేసిన ఒక తల్లి ఉంది. నేను చుక్క పెట్టీపెట్టగానే గీత వంపు చూసి, ‘పోయిన నెల విరేచనాలయ్యాయి, అందుకే దిగింది, మందు ఏమివ్వాలి?’ అని బిదాన్‌ను నిలదీస్తుంది. ప్రభుత్వం ప్రజలకు అధికారం ఇవ్వడమంటే నా కళ్ల ముందు కదిలేది ఆ తల్లే.

ఒక నెల రాని బిడ్డ ఇంటికి మేమే వెళ్తాం. మీ పాప సంగతి ఆవిడకు తెలిసింది కనుకే మీ గడప దాకా వచ్చారు. ప్రైవేటు టీకాల కార్డు మరిచిపోకుండా పట్టుకెళ్లండి.

సెమరాంగ్ ఇంజినీరు:
డబ్బు సంగతి నేను చెబుతాను. 2014 నాటి గ్రామాల చట్టం వచ్చాక, 2015 నుంచి కేంద్ర ప్రభుత్వం గ్రామాలకు ఏటా ‘దన దెసా’ నిధి ఇస్తోంది. 2024లో దానికి 71 లక్షల కోట్ల రూపయ్యా (ఇండోనేషియా కరెన్సీ) కేటాయించారు. దేన్ని ముందు చేయాలో గ్రామసభలో తేలుస్తారు. పోస్యందు తూకాలకు, పిల్లల తిండికి అందులోంచి ఖర్చు పెట్టవచ్చు. మా ఫ్యాక్టరీ పక్క ఊళ్లో కార్యాలయం ముందే ఆ ఏటి ఆదాయ వ్యయాలు పెద్ద ఫ్లెక్సీ మీద రాసి కట్టారు. సైకిలు ఆపి దాన్ని చదువుతున్న రైతును చూసి నేనూ ఆగి చదివాను.

మేడాన్ టీచరమ్మ:
అక్క చెప్పినదాంతో ఏకీభవిస్తూనే ఒక బాధ చెబుతాను. చిన్నప్పటి టీకాలు పూర్తికాగానే చాలామంది తల్లులు రావడం మానేస్తారు. ఎత్తు పెరగడం ఆగిపోయే ప్రమాదం సరిగ్గా ఆ వయసులోనే ఎక్కువ. దేశంలో వయసుకు తగ్గ ఎత్తు లేని పిల్లలు 2013 సర్వేలో 37.2 శాతం, 2022లో 21.6 శాతం. తగ్గిన మాట నిజమే, కానీ ఇప్పటికీ ఐదుగురిలో ఒకరు. ఈ భారమంతా మోస్తున్న కాదెర్లకు చాలాచోట్ల ముట్టేది దారిఖర్చుకు సరిపోయేంతే. సేవ అనే పేరుతో ఆడవాళ్ల శ్రమను ఉచితంగా వాడుకోవడం నాకు నచ్చదు.

సిదోఅర్జో అక్క:
మీ మాట కాదనను టీచరమ్మా. మాలో ఒకావిడ తెల్లవారుజామున అంగట్లో కూరలమ్మి, తొమ్మిదింటికి తూకం దగ్గర నిలబడుతుంది. ఆమెకు ఇవ్వాల్సింది ఇవ్వాలి.

బెకాసి కొత్తకాపురం:
వెళ్లి వచ్చాను. అందరికీ కృతజ్ఞతలు. వసారా దూలానికి తూకం కట్టారు. పాపను గుడ్డ లాగులో కూర్చోబెడితే ఏడుస్తుందనుకున్నాను, నవ్వింది. 8 కిలోల 900 గ్రాములు. నాలుగో బల్ల దగ్గర రోజూ గుడ్డు పెట్టమన్నారు. మేము గుడ్డు తినం అని చెప్పగానే ఆ పెద్దావిడ ఏమాత్రం తడుముకోకుండా టెంపే (పులియబెట్టిన సోయాగింజల ముద్ద), తోఫు (సోయాపాల జున్ను) అని రాసిచ్చి, టెంపేను పసిపిల్లలకు మెత్తగా ఎలా ఉడికించాలో చేతులతో చూపించారు. డాక్టరు దగ్గర ఇన్నాళ్లూ నేను అడగని ప్రశ్న అది. చివర్లో పెసలు, కొబ్బరిపాలు, బెల్లం వేసి వండిన జావ పెట్టారు. మా అమ్మమ్మ పెసర పాయసం గుర్తొచ్చి గొంతు పట్టేసింది. పుస్తకం మీద పాప పేరు నా చేతే రాయించారు. వచ్చే నెల ఆగస్టు కనుక విటమిన్ ఎ ఎర్ర గుళిక వేస్తారట, తేదీ క్యాలెండర్‌లో గుర్తు పెట్టుకున్నాను.