గర్భం, గర్భసంచి: ఏది తీస్తారు, ఏది ఉంచుతారు?

అనువాదకురాలు: రోగులకు ఇచ్చే ఒక కరపత్రాన్ని తెలుగు చేస్తూ రెండు మాటల దగ్గర ఆగిపోయాను. 'సిజేరియన్ స్కార్ ఎక్టోపిక్ ప్రెగ్నెన్సీ'ని 'శస్త్రప్రసవ మచ్చలో గర్భాశయ బాహ్య గర్భం' అన్నాను. మళ్లీ పిల్లలు పుట్టే అవకాశం పోకుండా చేసే వైద్యాన్ని 'గర్భరక్షక చికిత్స' అన్నాను. చదివి చూస్తే నాకే మింగుడు పడలేదు.

తెలుగు మాస్టారు: అమ్మా, ముందు 'మచ్చ' తీసేయండి. మచ్చ చర్మం మీద ఉంటుంది, చందమామలో ఉంటుంది. ఆ మాట చదివిన మనిషి పొట్ట మీది గీత చూసుకుంటుంది. గాయం మానింది, పుండు మానింది అంటాం కదా. 'కోత మానిన చోట నిలిచిన గర్భం' అంటే సరిపోతుంది. ఎక్టోపిక్‌కు మూలమైన గ్రీకు మాటలోనూ ఉన్నది చోటు తప్పడమే. పాత నిఘంటువులు వెతక్కండి. ఈ సమస్య వైద్య పత్రికకు ఎక్కిందే 1978లో.

ప్రసూతి వార్డు నర్సు: 'బాహ్య' కూడా తప్పే మాస్టారూ. ట్యూబులో వచ్చే గర్భానికైతే చెల్లుతుంది. ఇది గర్భసంచి ముందుగోడలోనే ఉంటుంది. స్కానింగ్‌లో సంచి లోపల ఖాళీ, ముఖద్వారం ఖాళీ, మూత్రాశయం వైపు పలుచబడిన పాత కోత దగ్గర గర్భపు తిత్తి కనిపిస్తుంది. ఇంకొకటి, 'శస్త్రప్రసవం' మా వార్డులో ఎవరికీ తెలియదు, 'పెద్దాపరేషన్' అందరికీ తెలుసు. తెలియకేం, 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణ కాన్పుల్లో 60.7 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం అవే.

అనువాదకురాలు: మరి 'గర్భరక్షక'?

నర్సు: అదే అన్నిటికన్నా ప్రమాదం. ఒకసారి ఇలాగే 'గర్భాన్ని కాపాడే వైద్యం' అని చెబితే, పక్కనున్న అత్తగారు ముఖం వెలిగిపోయి, "అయితే బిడ్డ దక్కుతుందా అమ్మా?" అన్నారు. దక్కించే వైద్యం కాదది. ఆ గర్భాన్ని తీసేసి సంచిని మిగిల్చేది. తిత్తిలోకి, గర్భం పెరగకుండా ఆపే మెథోట్రెక్సేట్ మందు సూది వేస్తారు, లేదా స్కానింగ్‌లో చూస్తూ పీల్చి తీస్తారు, లేదా లాప్రోస్కోపీతో ఆ ముక్క కోసేసి గోడను మళ్లీ కుడతారు. ఆలస్యమైతే గోడ చిట్లి, రక్తం ఆగక, ప్రాణం కోసం సంచినే తీయాల్సి రావచ్చు.

మాస్టారు: తప్పు గర్భం అన్న మాటలోనే ఉంది. సంస్కృతంలో అది పిండమూ, పిండం ఉండే చోటూ. గర్భగుడిలో చోటు, గర్భస్రావంలో పిండం. మన 'కడుపు' మరీ ఘోరం. నొప్పి వచ్చేది కడుపే, పండేది కడుపే, పోయేదీ కడుపే. పండితులు చిన్నచూపు చూసే 'గర్భసంచి' ఒక్కటే పాత్రనూ అందులోని దాన్నీ విడదీస్తోంది. నేనూ ఇన్నాళ్లు గర్భాశయమే రాస్తూ వచ్చాను లెండి.

అనువాదకురాలు: అయితే ఇలా మార్చాను: "పెద్దాపరేషన్ కోత మానిన చోట నిలిచిన గర్భాన్ని, గర్భసంచి తీయకుండా తొలగించే వైద్యం. ఈ గర్భం దక్కదు. మరల గర్భము ధరించిన యెడల తక్షణమే స్కానింగ్ చేయించుకొనవలెను."

నర్సు: మొదటి రెండు వాక్యాలు అలాగే ఉంచండి. మూడోది "మళ్లీ నెల తప్పితే వెంటనే స్కానింగ్‌కు రండి" అనండి. ఒకసారి అక్కడ నిలిచినది మళ్లీ అక్కడే నిలవవచ్చు, ఆ ముక్క కూడా చేర్చండి.

మాస్టారు: 'యెడల' పోయినందుకు నాకేమీ బాధ లేదు.