మన సారథ్ బీఎంపీని ఏ దేశం లైనప్‌లో పెట్టాలి?

మంజీర_గన్నర్:
వార్ థండర్ అనే యుద్ధ వాహనాల వీడియో గేమ్‌లో మన టి-90ఎస్ భీష్మ ట్యాంక్ బ్రిటన్ ట్రీలో, అంటే ఆ దేశం వాహనాల వరుసలో, కనిపించినప్పటి నుంచి ఈ ప్రశ్న నన్ను వదలడం లేదు. నేను పెరిగింది ఎద్దుమైలారంలో, సంగారెడ్డి దగ్గర. మా నాన్న అక్కడి ఆర్డ్‌నెన్స్ ఫ్యాక్టరీలో వెల్డర్‌గా చేసి రిటైరయ్యారు. ఆ ఫ్యాక్టరీలో 1987 నుంచి తయారైన బీఎంపీ-2కి, అంటే జవాన్లను మోసుకెళ్తూ పోరాడే కవచ వాహనానికి, మనవాళ్లు పెట్టుకున్న పేరే సారథ్. డిజైన్ సోవియట్‌ది, కట్టింది మనవాళ్లు, నడిపింది మన జవాన్లు. గేమ్‌లో చూస్తే ఇండియాకి సొంత ట్రీ లేదు. సారథ్‌ని చేర్చమని మేం నలుగురం కలిసి ఒక ప్రపోజల్ రాస్తున్నాం, కానీ రష్యా కింద అడగాలా, భీష్మ పక్కనే బ్రిటన్ కింద అడగాలా, ఇండియా ట్రీ వచ్చేదాకా ఆగాలా అన్న దగ్గరే ఆగిపోయాం. "మనది కాబట్టి" అంటే సరిపోదు, గట్టి కారణం కావాలి. మీరైతే ఏ రూల్ పెడతారు?

ఉక్కు_తొడుగు:
డిజైన్ ఎవరిదైతే బండి వాళ్లదే. అదొక్కటే నిలబడే రూల్ అని నా అభిప్రాయం. సారథ్‌లో ఉన్నది అదే 30 ఎంఎం 2ఎ42 గన్, అదే ఉక్కు, మిసైల్ కూడా అదే కొంకుర్స్. పేరూ రంగూ మార్చి ఇంకో జెండా కింద పెడితే ఆడేవాడికి కొత్తగా వచ్చేదేముంది? పైగా ఇలా కాపీ పేస్ట్ చేసుకుంటూ పోతే దేశాల మధ్య తేడానే పోతుంది. నేను బ్రిటన్ మొదలుపెట్టిందే ఆ రైఫిల్డ్ గన్ (గొట్టం లోపల గాడులుండే గన్) కోసం, హెష్ షెల్స్ (కవచానికి అతుక్కుని పేలే గుండ్లు) కోసం. వాళ్ల చాలెంజర్ ట్యాంక్‌తో గుట్ట వెనక నిలబడి, ఒక షాట్ వేసి, వెంటనే వెనక్కి జారుకోవడం అలవాటైన చేతికి వెనక్కి గంటకు నాలుగైదు కిలోమీటర్లకు మించి పోని టి-90 ఇస్తే అది బ్రిటన్ ఆట ఎలా అవుతుంది?

సెంచూరియన్71:
ఉక్కు_తొడుగు గారూ, మీ రూల్‌ని ఒక్కసారి ఇజ్రాయెల్ మీద పెట్టి చూడండి. వాళ్ల సొంత డిజైన్ మెర్కావా సైన్యంలోకి వచ్చింది 1979లో. దానికి ముందు వాళ్ల చేతిలో ఉన్నవి బ్రిటిష్ సెంచూరియన్లు, అమెరికన్ షెర్మన్లు, ప్యాటన్లు, అరబ్ సైన్యాల నుంచి పట్టుకున్న టి-55లు. మీ లెక్క ప్రకారం మెర్కావా వచ్చేదాకా ఆ ట్రీ ఖాళీగా ఉండాలి. కానీ వాళ్లు సెంచూరియన్‌లో పెట్రోల్ ఇంజిన్ తీసి అమెరికన్ డీజిల్ పెట్టారు, 105 ఎంఎం గన్ బిగించారు, షాట్ అని పేరు పెట్టి 1973లో గోలాన్ గుట్టల మీద దానితోనే నిలబడ్డారు. దాన్ని ఇంకా బ్రిటిష్ బండే అనాలంటే నాకు మనసు ఒప్పదు. ఫైర్‌ఫ్లై సంగతీ అంతే. బాడీ అమెరికా షెర్మన్‌ది, గన్ బ్రిటన్ 17 పౌండర్, గేమ్‌లో అది బ్రిటన్ లైన్‌లోనే ఉంది, ఎవరూ తప్పు పట్టలేదు. ఫిన్లాండ్ వాళ్లు జర్మనీ దగ్గర 59 స్టుగ్‌లు (టరెట్ లేని గన్ బండ్లు) కొని, పక్కలకు దుంగలు కట్టుకుని, ముందు కాంక్రీటు పోసుకుని, స్టుర్మి అని పిలుచుకున్నారు.

అందుకని నా రూల్ ఇది. తెచ్చుకున్న బండిని తమ యుద్ధానికి తగ్గట్టు మార్చుకున్నవాళ్లకు దాని మీద హక్కుంటుంది. మార్చకుండా వాడుకుంటే అది అరువు సొమ్మే.

రాత్రి_ర్యాంక్:
బ్రో, మీరిద్దరూ చరిత్ర చూస్తున్నారు, ఆడేవాడి బాధ వేరు. బ్రిటన్ వారియర్ (సారథ్ లాంటి బండే) తీసుకుని పోతే దాని రార్డెన్ గన్‌కి స్టెబిలైజర్ లేదు, కదులుతూ కొట్టలేం, మూడేసి రౌండ్ల క్లిప్పులు పెట్టుకుంటూ పోవాలి. అక్కడ సారథ్ ఉంటే లైనప్‌లో పెద్ద గుంత పూడుతుంది. ఖాళీ ఎక్కడుందో చూసి అక్కడ పెట్టండి, మిగతాది తర్వాత.

ఉక్కు_తొడుగు:
గుంతలన్నీ పూడిస్తే అన్ని ట్రీలూ ఒకేలా అయిపోతాయి తమ్ముడూ. ప్రతి దేశానికీ ఒక లోటు ఉండాలి, ఆ లోటుతో గెలవడంలోనే మజా ఉంది. సెంచూరియన్71 గారి ఇజ్రాయెల్ మాట మాత్రం ఒప్పుకుంటున్నాను, నా రూల్ అక్కడ నిలవదు.

ఆవడి_పిల్ల:
నాకు బాధ కలిగించేది వేరే ఉంది. విజయంతను బ్రిటన్ కింద పెడితే నాకు అభ్యంతరం లేదు, అది బ్రిటన్ కంపెనీ వికర్స్ వాళ్లు మన కోసమే గీసిన ట్యాంక్, 1965 నుంచి చెన్నై దగ్గర ఆవడిలో తయారైంది, ఆ సంబంధం నిజమైనది. టి-90 అలా కాదు. 2001లో రష్యాతో 310 ట్యాంకులకు ఒప్పందం చేసుకున్నాం, 124 నేరుగా అక్కడి నుంచి వచ్చాయి, మిగతా 186 ఇక్కడ బిగించాం. ఇందులో బ్రిటన్ ఎక్కడుంది? వాళ్లు వెళ్లిపోయిన 54 ఏళ్లకు కొన్న ట్యాంక్ వాళ్ల జెండా కింద ఎందుకు నడవాలి? ఫిన్లాండ్‌ని స్వీడన్‌లో, హంగరీని ఇటలీలో కలిపినట్టే ఇదీ సౌకర్యం కోసం చేశారని తెలుసు. కానీ మనల్ని పాలించిన దేశం కింద చూడటం వేరుగా తగులుతుంది, ఆ మాట ప్రపోజల్‌లో మర్యాదగానే అయినా తప్పకుండా రాయండి.

మంజీర_గన్నర్:
ఆవడి_పిల్ల గారూ, మీ మాట మొదటి పేరాలోనే పెడతాం. అన్నీ చదివాక నాకు ఒకటి అర్థమైంది, సెంచూరియన్71 అన్న రూల్‌తో చూస్తే మామూలు సారథ్ నిలవదు. నాన్న చేతి మీద నడిచిన బండి కాబట్టి ఈ మాట ఒప్పుకోవడం నాకు కష్టంగానే ఉంది, కానీ అది బీఎంపీ-2నే. ఆ రూల్‌కి నిలబడేది నామికా. అదే సారథ్ బాడీని పొడవు చేసి ట్యాంకులను కొట్టే నాగ్ మిసైళ్లు బిగించారు, ఆరు పేల్చడానికి సిద్ధంగా ఉంటాయి, మిసైల్ డిజైన్ మన కంచన్‌బాగ్‌లోని రక్షణ పరిశోధన ల్యాబ్ డీఆర్‌డీఎల్‌ది. అది ఏ రష్యా ట్రీలోనూ లేదు, ఉండే వీలూ లేదు. కాబట్టి ఇండియా ట్రీ అడుగుతూ అందులో నామికాను ముందు పెడుతున్నాం, సారథ్‌ని దానికి ముందు మెట్టుగా చూపిస్తాం. నామికా టరెట్ పైకి లేచి ఉన్నప్పుడు పక్క నుంచి తీసిన ఫొటోలు ఎవరి దగ్గరైనా ఉంటే ఇక్కడ పెట్టండి, మోడల్ కొలతల కోసం కావాలి.