బైబిల్లో తేదీయే లేదు, మరి క్రిస్మస్ ఎందుకు?

ఒంటిదీపం (చర్చ మొదలుపెట్టినవారు)
అందరికీ వందనాలు. కొన్నాళ్లుగా నన్ను తొలుస్తున్న విషయం ఇది. యేసు ఏ రోజు పుట్టాడో సువార్తల్లో లేదు. మార్కు, యోహాను అయితే పుట్టుక కథే ఎత్తుకోలేదు. డిసెంబర్ 25 అని రాసి ఉన్న పాత ఆధారం రోమ్‌లో 354లో కూర్చిన క్యాలెండర్. తన మరణాన్ని గుర్తుచేసుకోమని ప్రభువు రొట్టె, గిన్నె చేతికిచ్చి మరీ చెప్పాడు. పుట్టినరోజు గురించి ఒక్క మాటైనా అన్నాడా? మరి ఈ పండుగకి నిజంగా ఆత్మీయ అర్థం ఉందా, మనమే అతికించుకున్నామా? చెట్టు, దీపాలు, బహుమతుల గోల ఇక్కడ వద్దు. అది అందరం తిట్టేదే, అందరం చేసేదే.

మొండిఘటం
అతికించుకున్నదే. 274లో ఆరేలియన్ చక్రవర్తి సూర్యదేవుడికి రోమ్‌లో గుడి కట్టించాడు. ఆ సూర్యుడి పండుగనే సంఘం పేరు మార్చి వాడుకుంది. అమెరికాలోని మసాచుసెట్స్‌లో ప్యూరిటన్లనే కఠిన నిష్ఠ గల క్రైస్తవులు 1659లో క్రిస్మస్ చేసుకున్నవాళ్లకి ఐదు షిల్లింగుల జరిమానా పెట్టారు. వాళ్లేమీ నాస్తికులు కారు, వాక్యం కంఠతా వచ్చినవాళ్లు. దినాలు, మాసాలు, ఉత్సవకాలాలు ఆచరిస్తున్నారని పౌలు గలతీయుల మీద ఎందుకు బాధపడ్డాడో ఒకసారి చదవండి.

పాతకాగితాలు
బ్రదర్, సూర్యుడి పండుగ సంగతి మీరనుకున్నంత తేలిక కాదు. గుడి కట్టించిన మాట నిజమే. కానీ డిసెంబర్ 25 సూర్యుడి రోజని చెప్పే పాత పత్రం కూడా ఆ 354 క్యాలెండరే! ఎవరు ఎవర్ని చూసి పెట్టుకున్నారో దాంతో తేలదు. ఇంకో లెక్క కూడా ఉంది. క్రీస్తు సిలువ మరణం మార్చి 25న జరిగిందని పాతకాలంలో కొందరు లెక్కగట్టారు. తల్లి గర్భంలో పడిందీ ఆ రోజేనని, తొమ్మిది నెలలు కలిపితే డిసెంబర్ 25 వచ్చిందని పండితుల్లో కొందరి అభిప్రాయం. తూర్పున ఏప్రిల్ 6 నుంచి లెక్కపెట్టినవాళ్లకి జనవరి 6 వచ్చిందట. అర్మేనియా సంఘం ఇప్పటికీ జనవరి 6నే చేస్తుంది. ఇదీ ఊహే, కాదనను. అయితే ఇది నిజమైతే తొట్టెనీ సిలువనీ వాళ్లు మొదట్నుంచీ ఒకే ముడి వేశారన్నమాట. నాకు ముఖ్యం అనిపించేది తేదీ కాదు, ఆ ముడి.

ప్యూరిటన్ల చట్టం 1681లో రద్దయిందని కూడా రాయాల్సింది మీరు.

మొండిఘటం
రద్దయితే తప్పు ఒప్పవుతుందా అన్నా?

రాత్రిడ్యూటీ
నేను ప్రసూతి వార్డులో నర్సుని. చరిత్ర నాకు పెద్దగా తెలియదు. బిడ్డ బయటికి రాగానే తువ్వాలుతో ఒళ్లు తుడిచి వీపు రుద్దుతాం. ఏడుపు వినబడేదాకా గదిలో ఎవరూ మాట్లాడరు. ఎత్తుకునేటప్పుడు మెడ కింద చెయ్యి పెట్టకపోతే తల వెనక్కి వాలిపోతుంది. ఓసారి క్రిస్మస్ రాత్రి ఒక బిడ్డని అలా పట్టుకుని ఉండగా ఒక్కసారిగా తట్టింది: ఈయన మెడ కింద కూడా ఎవరో చెయ్యి పెట్టి ఉంటారు కదా! వెలుగు కలుగు గాక అన్నవాడు ఊపిరి అందడానికి ఏడవాల్సి వచ్చింది. యోహాను పుట్టుక కథ చెప్పలేదన్నారు ఒంటిదీపం గారు. 'వాక్యము శరీరధారియై' అన్నది ఆయనే కదండీ. శరీరం అంటే ఏంటో రోజూ చూస్తున్నదాన్ని, నాకు ఆ మాట చాలా పెద్దది.

ఒంటిదీపం
సిస్టర్, మీ పోస్టు రెండుసార్లు చదివాను. కానీ మీరు చెప్పింది నరావతారం గురించి. అది నేనూ నమ్ముతాను. దానికి ఒక ప్రత్యేకమైన రోజు దేనికి అన్నదే నా ప్రశ్న.

పాతకాగితాలు
యోహాను 10లో ప్రతిష్ఠిత పండుగనాడు యేసు దేవాలయంలో తిరుగుతున్నాడు. ఆ పండుగ మోషే ధర్మశాస్త్రంలో లేదు, ఆలయాన్ని తిరిగి శుద్ధిచేసిన మక్కబీయులనే యూదు వీరుల కాలంలో మనుషులు పెట్టుకున్నది. ఆయన దాన్ని తప్పుపట్టినట్టు అక్కడ లేదు. ఆజ్ఞ లేని పండుగ అంతా పాపమే అనేవాళ్లు దీనికి జవాబు చెప్పాలి.

మొండిఘటం
అక్కడ ఉన్నాడు అంటే ఆచరించమన్నాడని కాదు. అయినా రోమా 14 నాకూ తెలుసు. ఒకడు ఒక దినాన్ని గొప్పగా ఎంచుతాడు, ఇంకొకడు అన్నీ సమానమే అంటాడు. మీరు చేసుకోండి, మిమ్మల్ని తీర్పు తీర్చను. చేసుకోనివాడిని విశ్వాసం లేనివాడిలా మీరూ చూడకండి. మా కుటుంబంలో ఏటా నాకు ఎదురయ్యేది అదే.

ఒంటిదీపం
ఇది న్యాయమైన మాట.

ఇంకొకటి. ఈమధ్య గమనించాను: పాశ్చాత్య సంఘాల పాత క్యాలెండర్‌లో డిసెంబర్ 26 స్తెఫను హతసాక్షి దినం, 28 హేరోదు చంపించిన పసిపిల్లల దినం. తొట్టె పక్కనే రక్తం పెట్టారు. మన నాటికల్లో గొల్లలు, జ్ఞానులు రాగానే తెర దించేస్తాం. బేత్లెహేము తల్లుల ఏడుపు మత్తయి రాశాడు, మనం కత్తిరించాం. గత మార్చిలో మా బాబుని పోగొట్టుకున్నాక ఆ సంతోషపు పాటల మధ్య కూర్చోలేక బయటికి వచ్చేశాను. అసలు ఈ ప్రశ్న అక్కడ పుట్టింది. మొదట్లోనే చెప్పాల్సింది.

మొండిఘటం
బ్రదర్, నాకు తెలియదు. తెలిసుంటే అలా మాట్లాడేవాడిని కాదు. ప్రార్థిస్తాను.

రాత్రిడ్యూటీ
అన్నా, ఈసారి 28న మీరు మీ బాబు పేరు ఇక్కడ రాయండి. 27 రాత్రి నాకు డ్యూటీ ఉంది, 28 సాయంత్రం వచ్చి చూస్తాను.