కరెంటు పోయి వచ్చాక ఒరాకిల్ లిసనర్ లేవడం లేదు: టీఎన్‌ఎస్ 12555

ప్రశ్న (పలాస నుంచి)

నమస్కారం. మా జీడిపప్పు కార్ఖానాలో లినక్స్ సర్వరు మీద ఒరాకిల్ డేటాబేసు నడుస్తోంది. నిన్న రాత్రి కరెంటు పోయి, యూపీఎస్ బ్యాటరీ కూడా అయిపోవడంతో సర్వరు ఆగిపోయింది. తెల్లవారి డేటాబేసు మామూలుగానే తెరుచుకుంది. సర్వరు మీదనే కూర్చుని ఎస్‌క్యూఎల్ ప్లస్‌లోకి వెళితే టేబుళ్లన్నీ కనిపిస్తున్నాయి గాని, కాటా గదిలోని కంప్యూటరు నుంచి కనెక్షన్ రావడం లేదు. కంగారులో లిసనర్‌ను (బయటి కంప్యూటర్ల కనెక్షన్లు అందుకునే ఒరాకిల్ ప్రోగ్రామును) రూట్ యూజరుగా, అంటే సర్వాధికారాలున్న యూజరుగా స్టార్ట్ చేసి, అది తప్పని తెలిసి వెంటనే ‘కిల్ -9’తో బలవంతంగా ఆపేశాను. అప్పటి నుంచి ఒరాకిల్ యూజరుగా ‘ఎల్‌ఎస్‌ఎన్‌ఆర్‌సీటీఎల్ స్టార్ట్’ అని కొడితే 12555, 12560, 00525 అనే టీఎన్‌ఎస్ (ఒరాకిల్ నెట్‌వర్క్) ఎర్రర్లు వరసగా వచ్చి, ఆఖరున ‘లినక్స్ ఎర్రర్ 1: ఆపరేషన్ నాట్ పర్మిటెడ్’ అని ఆగిపోతోంది. రెండుసార్లు రీబూట్ చేసినా ఫలితం లేదు. బస్తాల తూకాలు ఉదయం నుంచి కాగితం మీదే రాసుకుంటున్నాము. దయచేసి దారి చూపండి.

జవాబు (విజయనగరం నుంచి)

మాస్టారూ, ఈ ఎర్రర్ల దొంతరలో పై వరుసల కంటే చిట్టచివరి లినక్స్ వరుసకే ఎక్కువ విలువ ఇవ్వాలి. 12560 దాదాపు ప్రతి లిసనర్ వైఫల్యంలోనూ కనిపిస్తుంది కాబట్టి దాన్ని పట్టుకుని వెతికితే రోజంతా పోతుంది.

లిసనర్ లేచినప్పుడు ‘/వార్/టీఎంపీ/.ఒరాకిల్’ డైరెక్టరీలో సాకెట్ ఫైళ్లు (ప్రాసెస్‌లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే ఫైళ్లు) తయారు చేసుకుంటుంది. మీరు రూట్‌గా లేపినందువల్ల ఆ ఫైళ్లకు రూట్ యజమాని అయింది; ‘కిల్ -9’ వల్ల వాటిని శుభ్రం చేసుకునే వ్యవధి లిసనర్‌కు దొరకలేదు. ఆ డైరెక్టరీకి స్టిక్కీ బిట్ అనే పర్మిషన్ ఉంటుంది కనుక, ఒకరి ఫైలును రూట్ తప్ప ఇంకొకరు తీసేయలేరు. ఒరాకిల్ యూజరు పాత ఫైలును తొలగించబోతే లినక్స్ కెర్నల్ అడ్డుపడుతోంది, ఆ అడ్డంకే మీకు ఎర్రర్ 1గా కనిపిస్తోంది. రీబూట్ చేసినంత మాత్రాన ‘/వార్/టీఎంపీ’ ఖాళీ కాదు.

ముందుగా ‘పీఎస్ -ఈఎఫ్’తో టీఎన్‌ఎస్‌ఎల్‌ఎస్‌ఎన్‌ఆర్ (లిసనర్) ప్రాసెస్ ఏదీ మిగల్లేదని చూసుకోండి. డేటాబేసును కూడా షట్‌డౌన్ చేయడం మంచిది. తరువాత ఆ డైరెక్టరీలో ‘ఎల్‌ఎస్ -ఎల్’ కొట్టి, రూట్ పేరున ఉన్న సాకెట్లను మాత్రమే రూట్‌గా తీసేయండి. సర్వరులో గ్రిడ్ ఇన్‌ఫ్రాస్ట్రక్చర్ (ఒరాకిల్ వారి క్లస్టర్ సాఫ్ట్‌వేర్) ఉంటే మాత్రం ఈ పని చేయవద్దు. దాని సాకెట్లలో కొన్ని రూట్ పేరునే ఉండడం సహజం. లిసనర్ లాగ్ ఫైలు కూడా రూట్ పేరున మారి ఉంటే ‘చౌన్’తో ఒరాకిల్‌కు అప్పగించండి. ఎవరైనా అందరికీ అన్ని అనుమతులూ ఇచ్చే ‘చ్‌మోడ్ 777’ కొట్టమని సలహా ఇస్తే దయచేసి వినవద్దు.

మరొక జవాబు (శ్రీకాకుళం నుంచి)

పైన చెప్పినది సరైనదే. చివరి వరుసలో 1కి బదులు 99 వచ్చినవారి కోసం ఒక మాట చేరుస్తున్నాను. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను తరువాత మేము సర్వరును వేరే భవనానికి మార్చినప్పుడు 12545తో పాటు ఆ ఎర్రర్ వచ్చింది. ఐపీ అడ్రసు మారినా ‘/ఈటీసీ/హోస్ట్స్’ ఫైలులో పాతదే మిగిలిపోవడం దానికి కారణం. ఎర్రర్ 98 అయితే లిసనర్ వాడే 1521 పోర్టును అప్పటికే మరొక ప్రాసెస్ పట్టుకుని ఉన్నదని అర్థం.

అడిగినవారి నుంచి

ఇద్దరికీ కృతజ్ఞతలు. డైరెక్టరీలో రూట్ పేరున రెండు సాకెట్లు ఉన్నాయి, రెండింటి పేర్లూ ‘ఎస్’ అక్షరంతోనే మొదలయ్యాయి. వాటిని తీసేసి, లాగ్ ఫైలు యజమానిని మార్చి, లిసనర్ స్టార్ట్ చేస్తే మొదటిసారే లేచింది. అయితే ‘లిసనర్ సపోర్ట్స్ నో సర్వీసెస్’ అని చూపుతోంది. ఇది మరో తప్పా?

జవాబు (విజయనగరం నుంచి)

తప్పు కాదు. డేటాబేసు తన పేరును లిసనర్ దగ్గర తానే నమోదు చేసుకుంటుంది, అందుకు ఒక నిమిషం దాకా పట్టవచ్చు. ఆగలేకపోతే ఎస్‌క్యూఎల్ ప్లస్‌లో ‘ఆల్టర్ సిస్టమ్ రిజిస్టర్’ అని కొట్టండి. అన్నట్టు, కరెంటు వచ్చాక లిసనర్ తానుగా ఎందుకు లేవలేదో కూడా చూసుకోండి.

అడిగినవారి నుంచి

సర్వీసు కనిపించింది, కాటా గది కంప్యూటరు కనెక్ట్ అయింది. స్టార్టప్ స్క్రిప్టులో డేటాబేసు మాత్రమే ఉంది, లిసనర్ వరుస అసలు లేదు. ‘ఎస్‌యూ - ఒరాకిల్’తో ఒరాకిల్ యూజరుగా నడిచేలా ఇప్పుడే చేర్చి, రీబూట్ చేసి చూశాను, తానుగానే లేచింది. కాగితం మీది తూకాలు మావాళ్లు ఎక్కిస్తున్నారు.