చిక్కడపల్లిలో అద్దెకు దిగాలా, నల్లగండ్ల వెళ్లాలా?

కొత్తకాపురం:
నా ఆఫీసు హైదరాబాద్ రాయదుర్గంలో. మా ఆవిడ నారాయణగూడలో లెక్చరర్. చిక్కడపల్లి మెయిన్ రోడ్డు నుంచి రెండో సందులో డబుల్ బెడ్‌రూమ్ చూశాం. అద్దె 23 వేలు, మెయింటెనెన్స్ 2 వేలు, రెండు నెలల అడ్వాన్స్. నల్లగండ్లలో ఇంతే సైజు ఫ్లాట్ 34 వేలు చెబుతున్నారు, గేటెడ్ కమ్యూనిటీ. మా నాన్న మాతోనే ఉంటారు, 71 ఏళ్లు, చీమ చిటుక్కుమంటే లేచి కూర్చుంటారు. చిక్కడపల్లి చప్పుడు తట్టుకోగలమా? అక్కడ ఉన్నవాళ్లు చెప్పండి.

రెండో షో:
వద్దు. అక్కడికి దగ్గరే, ఆర్టీసీ క్రాస్ రోడ్స్ పక్కన మూడేళ్లు ఉన్నాను. పెద్ద హీరో సినిమా వస్తే సంధ్య, సుదర్శన్ థియేటర్ల దగ్గర ముందు రోజు రాత్రి నుంచే టపాసులు, తీన్మార్. సైలెన్సర్లు పీకేసిన బండ్లు సందుల్లో చక్కర్లు కొడతాయి. వినాయక చవితికి ఇక చెప్పక్కర్లేదు. పైగా రాయదుర్గానికి మెట్రో రెండుసార్లు మారాలి.

గల్లీవాలా:
రెండుసార్లు ఎందుకు మారాలి? ఎంజీబీఎస్ వైపు వెళ్తే అక్కడొకసారి, అమీర్‌పేటలో ఒకసారి. అటు ఎవడు వెళ్లమన్నాడు? జేబీఎస్ వైపు ఎక్కితే ఐదో స్టేషన్ పరేడ్ గ్రౌండ్. అక్కడ బ్లూ లైన్ ఎక్కి కూర్చుంటే నేరుగా రాయదుర్గం. ఒక్కసారే మార్పు. 2020 ఫిబ్రవరిలో ఈ లైన్ మొదలైనప్పటి నుంచి మా అబ్బాయి అలాగే వెళ్లాడు.

ఇక చప్పుడంటారా, నేను ఇక్కడే పుట్టాను. సిటీ సెంట్రల్ లైబ్రరీలో పేపర్ చదివి, సాయంత్రం త్యాగరాయ గానసభలో ఏదో ఒక కార్యక్రమం చూసి, గుడి మీదుగా ఇంటికి రావచ్చు. టికెట్టు కూడా ఉండదు చాలాసార్లు. 71 ఏళ్ల మనిషికి ఇంతకంటే ఏం కావాలి? నల్లగండ్లలో ఆయన బాల్కనీలో కూర్చుని క్రేన్లు లెక్కపెట్టుకోవాలి.

రూల్‌బుక్:
2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం నివాస ప్రాంతంలో రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా 45 డెసిబెల్స్ మించకూడదు. వాణిజ్య ప్రాంతమైతే 55. ముందు మీ సందు దేని కిందికి వస్తుందో తెలుసుకోండి.

సర్వపిండి:
బుల్లెట్ బండివాడిని ఆపి ఇది చదివి వినిపించు బ్రదర్.

రెండో షో:
పరేడ్ గ్రౌండ్‌లో ఒక స్టేషన్ నుంచి ఇంకో స్టేషన్‌కి ఎంత నడవాలో చెప్పలేదేం? దిగడం, నడవడం, మళ్లీ ఎక్కడం. మీరు రోజూ వెళ్తున్నారా, మ్యాప్ చూసి చెబుతున్నారా?

గల్లీవాలా:
నడిస్తే మారడం రెండుసార్లు అవుతుందా? మీరన్నది రెండు. నేనన్నది ఒకటి. ముందు అది ఒప్పుకోండి.

ఒంటిపిట్ట:
మెట్రో పంచాయితీ పక్కన పెడతారా? నేను నారాయణగూడలో ఒంటరిగా ఉంటున్నాను. డ్యూటీ అయ్యేసరికి రాత్రి పదకొండవుతుంది. వచ్చే దారంతా టీ కొట్లు, మెడికల్ షాపు, ఇడ్లీ బండి. జనం ఉంటారు. ఇంతకుముందు ఊరి చివర అపార్ట్‌మెంట్‌లో ఉండేదాన్ని. గేటు దాకా ఉన్న అర కిలోమీటరు కోసం రోజూ ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని మాట్లాడుతున్నట్టు నటించేదాన్ని. మీరు చప్పుడంటున్నది నాకు ధైర్యం.

కొత్తకాపురం గారూ, శనివారం రాత్రి పదిన్నరకి ఆ ఫ్లాట్‌కి వెళ్లి వెనక గదిలో పావుగంట కూర్చోండి. పగలు చూసి అడ్వాన్స్ ఇవ్వకండి. నీళ్ల మీటర్ ఉందో లేదో కూడా అడగండి. లేకపోతే నెలకి 20 వేల లీటర్ల ఉచిత నీళ్లు మీకు రావు, మెయింటెనెన్స్‌లో బాదుతారు.

గల్లీవాలా:
బాగా చెప్పావమ్మా. అసలు ఈ ఏరియా ఇంత గోలగా ఉండేది కాదు. హాస్టళ్లు వచ్చాక చెడింది. అశోక్‌నగర్‌లో కోచింగ్ అని వస్తారు, ఇద్దరి పేరు చెప్పి ఆరుగురు దిగుతారు, అర్ధరాత్రి మెట్ల మీద ఫోన్లు. ఏడాదిలో వెళ్లిపోతామంటారు, వెళ్లరు. అందుకే ఫ్యామిలీకి తప్ప ఇవ్వను నేను.

రెండో షో:
ఆ మెట్ల మీద ఫోన్ మాట్లాడినవాళ్లలో నేనొకణ్ని సార్. ఏడాదిలో ఎందుకు వెళ్లలేదో చెప్పనా? 2022 అక్టోబరులో గ్రూప్-1 ప్రిలిమ్స్ రాశాను. పేపర్ లీకైందని 2023 మార్చిలో రద్దు చేశారు. జూన్‌లో మళ్లీ రాశాను. సెప్టెంబరులో హైకోర్టు అదీ రద్దు చేసింది. ఊరికి వెళ్లి మా అమ్మకి ఏమని చెప్పాలి? మెట్ల మీదే చెప్పాను, గదిలో మిగతావాళ్లు చదువుకుంటున్నారు కాబట్టి.

ఖాళీ చేసేటప్పుడు ఓనర్ పెయింటింగ్ అని ఒక నెల అద్దె పట్టుకున్నాడు. మేం దిగినప్పుడు గోడలకి పెయింటింగే లేదు. అది కూడా పోనీ. అంతకుముందు ఇల్లు వెతికేటప్పుడు తొమ్మిది టు-లెట్ బోర్డులకి ఫోన్ చేస్తే ఆరుగురు మొదట అడిగింది జీతం కాదు, ఉద్యోగం కాదు. ‘మీరు ఏమోళ్లు?’ చెప్పగానే ‘ఇప్పుడే వేరేవాళ్లు అడ్వాన్స్ ఇచ్చిపోయారు’. బోర్డు మాత్రం వారం దాకా వేలాడుతూనే ఉంది. మీ గానసభ, మీ లైబ్రరీ అందరివీ. ఇళ్లు మాత్రం కొందరివి.

సర్వపిండి:
ఇదా సంగతి. నిన్నటి నుంచి పరేడ్ గ్రౌండ్ చుట్టూ తిప్పారు మమ్మల్ని.

గల్లీవాలా:
నేనూ అడుగుతాను. అబద్ధమెందుకు? కింద మా అమ్మ ఉంటుంది, 88 ఏళ్లు. పైన వండేది ఏమిటో, వచ్చిపోయేది ఎవరో ఆమెకి పట్టింపు. ఇల్లు నాది, ఈఎంఐ కట్టింది నేను. ఎవరికివ్వాలో కూడా ఇక్కడ ఓటింగ్ పెడతారా?

రెండో షో:
ఇల్లు మీదే. కానీ బోర్డు మీద అది కూడా రాయండి. మాకు ఫోన్ ఖర్చు, ఎండలో నడక తప్పుతాయి.

ఒంటిపిట్ట:
నన్ను కులం అడగలేదు. ‘మీ వారు ఎప్పుడొస్తారు’ అని అడిగారు. వచ్చే నెల అని చెప్పి దిగాను. రెండేళ్లయింది, ఇంకా రాలేదు ఆయన.

కొత్తకాపురం:
ఇంత చర్చ అవుతుందనుకోలేదు. మొన్న ఆ ఓనర్ మమ్మల్నీ అదే అడిగారు. నాది, మా ఆవిడది ఒక కులం కాదు. నేను నీళ్లు నములుతుంటే మా నాన్న తన కులం చెప్పేసి ‘మా అందరిదీ అదే’ అన్నారు. బయటికొచ్చాక మా ఆవిడ బస్టాపు దాకా మాట్లాడలేదు. ఇంటికెళ్లాక ‘నల్లగండ్ల చూద్దాం’ అంది. చప్పుడు గురించి అడిగాను గానీ, రెండు రోజులుగా మా ఇంట్లో నడుస్తున్నది వేరే గొడవ.

గల్లీవాలా:
రెండో సందులో, మూడో అంతస్తు, ఆకుపచ్చ గేటు ఇల్లేనా మీరు చూసింది?

కొత్తకాపురం:
అది ఇక్కడ చెప్పను సర్.