సరిహద్దు ఊళ్ల వీరగల్లులు: చెరువుకట్ట మీదే ఉంచాలా, మ్యూజియానికి తరలించాలా?

శాసనప్రియ:
కుప్పం, పుంగనూరు, ముళబాగిలు, కృష్ణగిరి. ఆంధ్ర, కర్ణాటక, తమిళనాడు గట్లు కలిసే ఈ నేలంతా వీరగల్లులే, అంటే ఆలమందల కోసం, ఊరి కోసం పోరాడి పడిపోయినవాళ్ల జ్ఞాపకంగా నిలిపిన రాళ్లే. రోడ్డు వెడల్పు చేసినా, పొలం చదును చేసినా మొదట పక్కకు నెట్టేది వీటినే. కొన్ని బట్టలుతికే బండలయ్యాయి, కొన్ని కాలువ మీద దాటుబండలయ్యాయి. ప్రాచీన కట్టడాల రక్షణకు కేంద్రం తెచ్చిన 1958 చట్టానికి 2010లో చేర్చిన, చుట్టూ 100 మీటర్ల వరకు కొత్త నిర్మాణాలు కూడదన్న నిషేధిత పరిధి రక్షిత జాబితాలోకెక్కిన వాటికే. జాబితాలో లేని రాయికి దిక్కెవరు? జిల్లా మ్యూజియానికి చేర్చడమే మేలంటాను.

గట్టుమీది రాయి:
నేను కాదంటాను. రాయి ఎక్కడ నిలబడిందన్నది దాని మీద చెక్కిన శాసనంలో సగం. సోరెమడి యుద్ధమే చూడండి. 9వ శతాబ్దంలో ఈ ప్రాంతపు రాజవంశాల్లో బాణులు, వైదుంబులు ఒకవైపు, నొళంబులు, గంగులు మరోవైపు. ఆ పోరులో పడ్డవాళ్ల రాళ్లు వేర్వేరు ఊళ్లలో దొరికాయి గనకే ఏ ఊరివాళ్లు ఎవరి పక్షాన వెళ్లారో పోల్చుకోగలుగుతున్నాం. అన్నీ ఒకే వరండాలో వరసగా నిలబెట్టాక ఏ ఊరిదో రాసిన చీటీ ఊడిందంటే ఇక అంతే సంగతులు. కోలారు శాసనాలను శాసన పరిశోధకుడు బి.ఎల్. రైస్ 1905లో అచ్చువేసినప్పుడు కూడా తాలూకా వారీగా, ఊరి పేరుతోనే సంఖ్యలిచ్చారు. రాయి కదిలితే ఆ సంఖ్యకు నేల మీద ఆనవాలు ఉండదు.

పైగా ధర్మపురి, కృష్ణగిరి వైపు వేడియప్పన్ అనే గ్రామదేవుడిగా కొలిచేది చాలాచోట్ల వీరగల్లునే. దాన్ని పెకలిస్తే ఊరు ఊరుకోదు, ఊరుకోకూడదు కూడా.

రాతిపని:
తరలించడమంటే లారీ ఎక్కించడం అనుకుంటే పొరపాటు. 6 అడుగుల పొడవు, 3 అడుగుల వెడల్పు, 8 అంగుళాల మందం ఉన్న నల్లరాతి పలక తొమ్మిది క్వింటాళ్లు తూగుతుంది. జేసీబీకి గొలుసు కట్టి లాగితే గొలుసు ఒరిసినచోటల్లా అంచు పెచ్చులూడుతుంది. వీరుడు కైలాసం చేరిన దృశ్యం, లింగం, పూజారి ఉండేది పై అరలోనే, ముందు పోయేది అదే. మొదలు చుట్టూ చిన్న పనిముట్లతో నెమ్మదిగా తవ్వాలి, కింది వరస అక్షరాలు తరచు మట్టిలోనే ఉంటాయి. మూడు కాళ్ల స్టాండు, చైన్ పుల్లీ, వెడల్పాటి నైలాన్ పట్టీలు, పట్టీకీ రాతికీ మధ్య గోనెసంచుల మడతలు కావాలి. లారీలో పలకను వెల్లకిలా పడుకోబెడితే కంటికి కనపడని పగులు గతుకుల్లో విచ్చుకుంటుంది. అంచు మీద నిలిపి చెక్క దిమ్మెలతో బిగించాలి.

ఇంత చేసి, చివర పాదాన్ని సిమెంటులో పాతేస్తారు! సిమెంటులోని లవణాలు చెమ్మతో రాతిలోకెక్కి, ఆరినప్పుడు పైపొరను పొక్కిస్తాయి. గులకరాళ్లు, ఇసుక దట్టిస్తే నీరు జారిపోతుంది, అవసరమైతే మళ్లీ తీయనూ వచ్చు.

శాసనప్రియ:
సిమెంటు మాట ఒప్పుకుంటున్నా. మరి ఊళ్లో పూసే ఎనామెల్ పెయింటు సంగతి? అక్షరాల గాళ్లు పూడిపోతాయి. దాన్ని గీకడానికి ఎవరో వైరు బ్రష్షు పట్టుకుంటే మిగిలిందీ పోతుంది.

గట్టుమీది రాయి:
ఊరి పెద్దలతో ముందే మాట్లాడి, పసుపు కుంకుమలకు, దీపానికి రాతి ముందు వేరే పలక వేయించాలి. పూజ ఆగదు, రాయి చెడదు.

అచ్చుకాగితం:
ఉంచినా తరలించినా ముందు నకలు తీయాలి. మెత్తని బ్రష్షుతో నీళ్లు పోసి కడిగి, నానబెట్టిన కాగితాన్ని రాతిపై పరిచి, మధ్య నుంచి అంచులకు బ్రష్షుతో కొట్టుకుంటూ వెళ్లాలి. గాలిబుడగ మిగిలినచోట అక్షరం రాదు. కాగితం ముప్పాతిక ఆరాక, ఇంకా చెమ్మ ఉండగానే గుడ్డబంతితో సిరా అద్దాలి. తొందరపడితే సిరా ఇంకి రాయి నల్లబడుతుంది, ఆలస్యమైతే కాగితం లేచిపోతుంది. గాలి లేని ఉదయం మంచిది. కాగితం వెనక ఊరు, సర్వే నంబరు, రాతి ముఖం ఏ దిక్కుకో రాయాలి.

పెచ్చులూడే రాతిని కొట్టకూడదు. దానికి ఫోటోగ్రామెట్రీ, అంటే చాలా ఫోటోలను కలిపి కంప్యూటర్లో రాతి త్రీడీ రూపం కట్టడం: నీడపాటున, పక్కన స్కేలు పెట్టి, ఒక్కో ఫోటో ముందుదానితో 70, 80 శాతం కలిసేలా తీయాలి. అరిగిన అక్షరాలకు రాత్రిపూట టార్చిని పక్కనుంచి, రాతికి దాదాపు ఆనించి వేసి చూడండి.

ఇంకో మాట. ఇక్కడ ఆంధ్ర ఊళ్లో కన్నడ శాసనం ఉంటుంది, హద్దు అవతల తెలుగు శాసనం ఉంటుంది. 1960లో తిరుత్తణి మద్రాసుకు, సత్యవేడు ప్రాంతం ఆంధ్రకు మారినా రాళ్లు కదల్లేదు. మన భాష కాదని ఏ రాష్ట్ర పురావస్తు శాఖా వాటిని వదిలేయకూడదు. వివరాల పలక మీద పాఠం శాసనభాషలో, అర్థం ఆ ఊరివాళ్లు చదివే భాషలో ఉండాలి.

శాసనప్రియ:
నిలబడి ఉన్నవాటిని, పూజలందుకునేవాటిని అక్కడే ఉంచుదాం, సరే. ఇప్పటికే పెకలించి గట్టున పడేసినవి, రోడ్డు హద్దులోకి వచ్చినవి మాత్రం నకలు తీసిన వెంటనే మ్యూజియానికి చేరాలి. ఈ విషయంలో నా మాట మారదు.