చెన్నై బోరునీళ్ళకు, ఉక్కకు నిలిచే ఇంటి సబ్బు: మీ అనుభవాలు చెప్పండి

మందారం (వేళచ్చేరి):
అందరికీ నమస్కారం. మా ఇంట్లో వాడుకకు బోరునీళ్ళే దిక్కు. ఏ సబ్బు రుద్దినా నురగ సరిగా రాదు, బకెట్టు అంచున తెల్లని తెట్టు కడుతుంది, మా అమ్మాయి మోచేతులు పొడిబారి పొట్టు రాలుతున్నాయి. అందుకని ఇంట్లోనే సబ్బు చేద్దామని పూనుకొని, 500 గ్రాముల కొబ్బరినూనెకు 87 గ్రాముల కాస్టిక్ సోడా (నూనెను సబ్బుగా మార్చే ఘాటైన క్షారం), 175 గ్రాముల నీళ్ళు అన్న లెక్కతో మొదలుపెట్టాను. సోడాను కాటా మీద జాగ్రత్తగా తూచాను కానీ, నూనెను కొలపాత్రతో 500 మిల్లీలీటర్లు పోశాను. ఒక చెంచాడు పసుపు వేస్తే అది పచ్చగా ఉండక ఇటుకరంగుకు తిరిగింది. ఆరు వారాలు ఆరబెట్టినా, ఆ సబ్బు రుద్దుకుంటే చేతులు చురచురలాడుతున్నాయి. కోసిన చోట బిళ్ళ సుద్దలాగా పొడిపొడిగా రాలుతోంది. దీన్ని పారేయవలసిందేనా?

రసాయనం మాస్టారు (తాంబరం):
అమ్మా, పారేయకండి. మీ లెక్కలో తప్పు లేదు, కొలతలో ఉంది. నూనె నీటికంటె తేలిక. నూనె ప్యాకెట్టును తిప్పి చూడండి, 1 లీటరు అని ఉన్నచోటే 910 గ్రాములు అని కూడా ముద్రించి ఉంటుంది. అంటే మీరు పోసిన 500 మిల్లీలీటర్లు నిజానికి 455 గ్రాములే. ఒక గ్రాము కొబ్బరినూనె పూర్తిగా సబ్బుగా మారడానికి సుమారు 0.183 గ్రాముల కాస్టిక్ సోడా పడుతుంది. ఆ ప్రకారం మీ నూనెకు 83 గ్రాములు చాలు, మీరు వేసింది 87. మిగిలిన 4 గ్రాముల క్షారమే మీ చేతులను కొరుకుతున్నది. సబ్బులో కొంత నూనె మిగలాలని మనం కావాలనే సోడాను 5 శాతం తగ్గించి వేస్తాము. ఆ వెసులుబాటునంతా మీ కొలపాత్ర మింగేసింది.

బాగుచేసే పద్ధతి చెబుతాను. బిళ్ళలను చేతితొడుగులు వేసుకొని తురిమి, స్టీలు గిన్నెలో కొద్దిగా నీళ్ళతో వేసి, ఆ గిన్నెను మరుగుతున్న నీళ్ళ గిన్నెలో నిలిపి, సన్నని సెగ మీద కరగనివ్వండి. తగ్గిన 45 గ్రాముల నూనె కలిపితే మీరు అనుకున్న సబ్బే వస్తుంది. అయితే ఒక్క కొబ్బరినూనెతోనే చేసిన సబ్బు చర్మంలోని జిడ్డును బాగా లాగేస్తుంది కనుక, పొట్టు రాలే చర్మానికి నేనైతే 100 గ్రాములు కలుపుతాను; అప్పుడు మొత్తం నూనెలో దాదాపు ఏడో వంతు సబ్బు కాకుండా మిగిలి చర్మానికి మెత్తదనం ఇస్తుంది. అరగంటో గంటో ఉడికి గుజ్జుగా అయ్యాక అచ్చులో అదిమిపెట్టండి. చూడటానికి గరుకుగా ఉంటుంది, వాడటానికి ఏ ఇబ్బందీ ఉండదు.

పసుపు ఎర్రబడటానికి కారణం మీకు తెలిసినదే. పసుపులో సున్నం కలిపితే పారాణి అవుతుంది కదా, క్షారం తగిలితే పసుపు చేసే పని అదే.

మరొక మాట, ఇది కొత్తగా మొదలుపెట్టే వాళ్ళందరికీ. సోడాను నీళ్ళలో వేయాలి గాని, సోడా మీద నీళ్ళు ఎన్నడూ పోయకూడదు. ఒక్కసారిగా పొంగి ముఖాన చిమ్ముతుంది. అల్యూమినియం గిన్నె అసలు పనికిరాదు, క్షారం దాన్ని తినేస్తూ హైడ్రోజన్ వాయువును పుట్టిస్తుంది. కళ్ళద్దాలు, చేతితొడుగులు ఉండాలి, కిటికీ తెరచి ఉండాలి, పిల్లలు ఆ గదిలో ఉండకూడదు. చర్మం మీద పడితే వెనిగర్ కోసం వెతుక్కోకుండా, ధారగా నీళ్ళ కింద ఇరవై నిమిషాలైనా ఉంచాలి. కంటిలో పడితే అలాగే కడుగుతూనే ఆసుపత్రికి బయలుదేరాలి.

వట్టివేళ్ళు (పెరంబూరు):
మాస్టారు చెప్పినదానికి నా అనుభవం జోడిస్తాను. చవకగా వస్తుందని సగానికి సగం తవుడునూనె వేసి చేసిన సబ్బు రెండు నెలలు ముచ్చటగా ఉంది. ఐప్పసి (తమిళుల అక్టోబరు-నవంబరు నెల) వానలు మొదలయ్యాక బిళ్ళల మీద నారింజరంగు చుక్కలు లేచి, పాత నూనెడబ్బా మూత తీసినట్టు కంపు కొట్టింది. అవి నూనె చెడిపోయిన గుర్తులు. తవుడునూనె, పొద్దుతిరుగుడు నూనెల వంటివి గాలికి త్వరగా పాడవుతాయి. ఇప్పుడు నేను 350 గ్రాముల కొబ్బరినూనె, 100 గ్రాముల నువ్వులనూనె, 50 గ్రాముల ఆముదం, 77 గ్రాముల సోడా, 155 గ్రాముల ఆర్‌ఓ నీళ్ళు వాడుతున్నాను. నువ్వులనూనె కూడా కలకాలం నిలిచేది కాదు, అందుకే దాన్ని ఐదో వంతు దాటనివ్వను. ఆముదం వల్ల నురగ త్వరగా విరిగిపోదు.

ఇక ఉక్క సంగతి. సబ్బులో ఉండే గ్లిసరిన్ గాలిలోని తేమను లాగుతుంది కనుక మన ఊళ్ళో బిళ్ళలకు చెమట పడుతుంది. అది చెడిపోవడం కాదు. ప్లాస్టిక్ కాగితం చుట్టకుండా, వెదురు తట్టలో బిళ్ళకూ బిళ్ళకూ మధ్య వేలు పట్టే ఎడముంచి, ఫ్యాను గాలి తగిలేచోట నాలుగు నుంచి ఆరు వారాలు ఆరనివ్వండి.

కుంకుడు (మల్లేశ్వరం, బెంగళూరు):
మాకు ఇక్కడ చిక్కు మరో రకంగా ఉంది. కొబ్బరినూనె సుమారు 24 డిగ్రీల దగ్గర గడ్డకడుతుంది కనుక, మార్గశిర, పుష్య మాసాల ఉదయాలలో గిన్నెలోనే పేరుకుపోయి, సబ్బు చిక్కబడిందని నేను పొరబడి అచ్చులో పోసేశాను. అడుగున క్షారం వేరుగా నిలిచింది. ఇప్పుడు నూనెలను గోరువెచ్చగా కాచి మొదలుపెడుతున్నాను.

పెసరపిండి (మైలాపూరు):
అక్కయ్యా, మీ అమ్మాయి చర్మానికి వారంలో రెండు రోజులు సబ్బు మాని సున్నిపిండి పెట్టి చూడండి. మా అమ్మమ్మ నెల్లూరులో చేసిన కొలతనే మైలాపూరులోనూ పాటిస్తున్నాను: కిలో పెసలు, పావుకిలో సెనగపప్పు, గుప్పెడు కచ్చూరాలు, గుప్పెడు తుంగముస్తలు, కొన్ని వట్టివేళ్ళు, ఎండిన గులాబి రేకులు, నాలుగు కస్తూరిపసుపు కొమ్ములు. ఎండబెట్టి మరపట్టిస్తాను. ఇక్కడి నాటుమందుల కొట్లో కచ్చూరాలను పూలాంకిళంగు అనీ, తుంగముస్తలను కోరైక్కిళంగు అనీ అడిగితే ఇస్తారు. దీనికి కాటా అక్కరలేదు, గుప్పెడు ఎక్కువైనా తక్కువైనా పిండి పిండే. మరపట్టించిన వెంటనే డబ్బాలో పోయకుండా గుడ్డ మీద పరచి చల్లార్చాలి. వేడి మీద మూత పెడితే తేమ చేరి పురుగు పడుతుంది.

మందారం:
చాలా సంతోషం. మా అత్తగారు బావంచాలు (ఒక మందుమొక్క గింజలు) కూడా వేయమంటున్నారు, వేయవచ్చా?

రసాయనం మాస్టారు:
పగటిపూట వాడే పిండిలో వద్దమ్మా. ఇక్కడ కార్పోగరిసి అని అమ్మేవి అవే. వాటిలో సొరాలెన్ అనే పదార్థం ఉంది. అది చర్మం మీద ఉండగా ఎండ తగిలితే చర్మం కమిలి నల్లమచ్చలు పడవచ్చు. బొల్లి చికిత్సలో ఆ గుణాన్నే వైద్యుల పర్యవేక్షణలో వాడుకుంటారు. చెన్నై ఎండలో బడికి నడిచే పిల్లకు దాన్ని రుద్దడం క్షేమం కాదు. మోచేతుల పొట్టు నెలలో తగ్గకపోతే చర్మవైద్యుడికి చూపించండి.

నీళ్ళ విషయంలోనూ ఒక మాట చెప్పాలి. బోరునీళ్ళలోని కాల్షియం, మెగ్నీషియం ఏ సబ్బుతోనైనా కలిసి తెట్టు కడతాయి, ఇంటి సబ్బుకు మినహాయింపు లేదు. కొబ్బరినూనె సబ్బు ఉప్పునీళ్ళలో కూడా నురగ ఇస్తుంది కనుక మీకు ఆ నూనె ఎక్కువ ఉన్న సబ్బే నప్పుతుంది. చివరి రెండు చెంబులు మాత్రం మంచినీళ్ళు పోసుకోమనండి.

వట్టివేళ్ళు:
ఇరుగుపొరుగు అడుగుతున్నారని అమ్మకానికి దిగాలనుకునే వాళ్ళు, 2020 నాటి సౌందర్యసాధనాల నియమాల కింద తయారీకి లైసెన్సు తీసుకోవాలని గుర్తుంచుకోండి. నేను ఇచ్చిపుచ్చుకోవడంతోనే ఆగాను.

మందారం:
మాస్టారూ, మీరు చెప్పినట్టే తురిమి, 100 గ్రాముల నూనె తూచి కలిపి ఉడికించాను. మొదట పెరుగు విరిగినట్టయి భయపెట్టింది, ముప్పావుగంటకు వాసెలిన్ లాగా నిగనిగలాడింది. మూడు వారాలు ఆరనిచ్చి, తడివేలితో బిళ్ళను రుద్ది నాలుక కొసకు తాకించి చూశాను, చురుకు లేదు. ముందు నా మోచేతి లోపలివైపు రెండు రోజులు వాడి, తరువాతే పాపకు ఇచ్చాను. మా బోరునీళ్ళలో నురగ సన్నగానే అయినా నిలుస్తోంది. ఈ ఆదివారం వట్టివేళ్ళు గారి కొలతతో రెండో విడత మొదలుపెడుతున్నాను. నూనెలు మూడూ ఇప్పుడే తూచి, మూతల మీద బరువు రాసి పెట్టుకున్నాను.